దిమిత్రి తోపు

ఉత్తర గ్రీసు. మూసేసిన బొగ్గు గని అంచున పునీత దిమిత్రి ఆర్థడాక్స్ చర్చి, దాని చుట్టూ ఓక్ చెట్ల తోపు. అక్టోబరు.

"జేబులు చూపించు."

"మామ్మా, నేనేమన్నా బళ్లో పిల్లనా?"

"బళ్లో పిల్లవైతే చెవి మెలిపెట్టేదాన్ని. జేబులు చూపించు ఆర్గిరో."

"ఇదిగో. కారు తాళాలు. రుమాలు. సగం తిన్న బిస్కెట్టు. చాలా?"

"కోటు లోపలి జేబు?"

"ఈ కోటుకి లోపల జేబు లేదు."

"జేబు లేని చోట అంత ఎత్తుగా ఎందుకుంది మరి? గుండెకాయ బయటికొచ్చిందా?"

"సరే, సరే. ఓక్ కాయలు. కొంచెమే."

"తియ్యి."

"కింద రాలి పడున్నాయి మామ్మా. చెట్టుని ముట్టుకోలేదు. ఒట్టు."

"చర్చి ముందు నిలబడి ఒట్లేమిటి? తీసి కింద పెట్టు. అక్కడ కాదు. ఏ చెట్టు కాయ ఆ చెట్టు కిందే పెట్టు."

"ఏ కాయ ఏ చెట్టుదో ఇప్పుడెలా తెలుస్తుంది?"

"దొంగతనం చేసేప్పుడే గుర్తుపెట్టుకోవాల్సింది."

"గ్లికేరియా మామ్మా, నేను గనిలో చెట్లు పెంచే ఉద్యోగం చేస్తున్నాను. దొంగని కాదు."

"ఈ తోపులోంచి పుల్ల తీసుకెళ్లినవాడు ఏమయ్యాడో తెలుసుగా?"

"తెలుసు. నువ్వు చెప్పిందేగా చిన్నప్పట్నించీ. ఈస్టరుకి గొర్రెపిల్లని కాల్చడానికి స్తెర్గియోస్ ఇక్కడ కొమ్మ విరిచాడు, మూతి వంకరపోయింది."

"పోయిందా, లేదా?"

"పోయింది. తాగి రోడ్డు మీద చలిలో పడుకున్నాడు. పక్షవాతం కొట్టింది."

"ఆ కొమ్మ చేత్తో పట్టుకునేగా పడుకున్నాడు."

"మామ్మా."

"మామ్మా లేదు గీమ్మా లేదు. లాజరోస్ సంగతి చెప్పు. మా ఆయన తాగి పడుకున్నాడా? చక్రాల మిషను మీద కూర్చుని బొగ్గు కోసం ఊరంతా తవ్వాడు. మీ ఇల్లు తవ్వాడు. మా ఇల్లు తవ్వాడు. మా అమ్మ పెట్టిన ద్రాక్ష పందిరి తవ్విన రోజు ముద్ద ముట్టలేదు గానీ, తవ్వడం మాత్రం తవ్వాడు. తీరా ఈ తోపు దగ్గరికొచ్చేసరికి మిషను ఆపి దిగిపోయాడు. ఎందుకు?"

"శాపం ఉందని."

"ఇంకో డ్రైవరుని పంపారు. వాడు?"

"దిగిపోయాడు."

"మూడోవాడు?"

"జ్వరమన్నాడు. ఈ కథ నాకు కంఠతా వచ్చు. అందుకే ఈ తోపు మిగిలింది, ఒప్పుకుంటాను. కానీ ఆ కింద చూడు. మన ఊరు ఉన్న చోటు. గొయ్యి కొంత పూడ్చి కంపెనీ తుమ్మ నాటింది. ఎటు చూసినా తుమ్మే. కింద గడ్డి మొలవదు, పిట్ట వాలదు."

"తేనె వస్తోందిగా."

"వస్తోంది, నేనూ తింటున్నాను. తేనె కోసం అడవిని వదులుకోమంటావా? ఇక్కడ ఒకప్పుడు ఓక్ ఉండేది, అడవి బేరి పళ్ల చెట్టు ఉండేది. మా నాన్న కుందేళ్లు కొట్టేవాడు. అవన్నీ మళ్లీ రావాలి. దక్షిణం నుంచి ఓక్ మొక్కలు తెప్పించి పెట్టాను, మన మంచుకి మాడిపోయాయి. మళ్లీ పెట్టాను, మళ్లీ మాడిపోయాయి. ఈ చలికి నిలబడే ఓక్ చుట్టుపక్కల ఇదొక్కటే."

"అయితే వచ్చే ఏడు చూద్దాం."

"వచ్చే ఏడు లేదు. డైరెక్టరు యోర్దానిస్ తెగేసి చెప్పాడు. ఈ చలికాలం లోపల గొయ్యిలో మెట్టులా చదును చేసి ఖాళీగా వదిలిన ఆ నేల మీద ఓక్ విత్తితే సరి, లేకపోతే సోలార్ పలకలకి ఇచ్చేస్తాడు. ఈ కాయలు దాచుకునే సరుకు కూడా కాదు. ఎండితే చచ్చినట్టే."

"పాపం."

"పాపం అని ఊరుకుంటావా?"

"కాఫీ తాగుతావా?"

"తాగను. ఫాదర్ సోఫ్రోనిస్ దగ్గరికి వెళ్తాను. ఈ శాపం తీసెయ్యమంటాను."

"పంచదార ఎంత వెయ్యను?"

"మామ్మా, వింటున్నావా? శాపం తీయించేస్తానంటున్నాను."

"ఆయన కొత్తగా వచ్చాడు, సముద్రం వైపు మనిషి. ఆయనకేం తెలుసు మన శాపాలు."

"తెలుసుకుంటాడు."

"ఆయన్నెందుకు ఇబ్బంది పెట్టడం. పిల్లలు గలవాడు."

"పిల్లలకీ శాపానికీ సంబంధమేమిటి? నేను వెళ్తున్నాను."

"ఆగు. నేనూ వస్తాను. కోటు వేసుకోనీ."

గని కోసం ఖాళీ చేయించిన ఊరివాళ్లకి కట్టిన కొత్త కలోదెంద్రిలో ఫాదర్ సోఫ్రోనిస్ ఇల్లు. బల్ల చుట్టూ ముగ్గురు.

"శాపం తీసే అధికారం నాకు లేదమ్మా ఆర్గిరో. శాపం పెట్టింది బిషప్ అయితే తీయాల్సిందీ బిషపే."

"రాయండి ఫాదర్. ఇవాళే రాయండి."

"రాస్తాను. అక్కడ పాత పుస్తకాలు వెతికిస్తారు. ఏ బిషప్, ఏ సంవత్సరం, ఎందుకు పెట్టాడు, అన్నీ చూసి..."

"మీ ఆవిడ చేసిన ద్రాక్ష హల్వా ఎంత బావుందో. మిరియం వేసిందా?"

"దాల్చినచెక్క అనుకుంటాను గ్లికేరియమ్మా. ఆ, ఏమంటున్నాను, పాత పుస్తకాలు..."

"మిరియమే. నాలిక్కి తగిలింది."

"మామ్మా, ఫాదరు గారిని మాట్లాడనీ."

"మాట్లాడమను, ఎవరొద్దన్నారు? ఒక్క మాట అడుగుతాను, ఆ తర్వాత మాట్లాడమను. ఫాదర్, శాపం తీశామనుకోండి. మర్నాడు పొద్దున ఏమవుతుంది?"

"ఏమవుతుంది?"

"రంపాలు దిగుతాయి. గని మూసేశాక ఇళ్లని వెచ్చగా ఉంచే వేడి నీళ్ల గొట్టం ఆగిపోయిందా లేదా? మీ ఇంట్లో పొయ్యి దేంతో మండుతోంది?"

"కట్టెలతో."

"ఊళ్లో అందరి పొయ్యిలూ దాంతోనే. దిమిత్రి తోపులో ఎండు కొమ్మలు ఎన్ని ఉన్నాయో అందరికీ తెలుసు. భయం కొద్దీ ఊరుకుంటున్నారు. క్రిస్మస్ లోపల మొద్దులు కూడా మిగలవు."

"అది నిజమే ఆర్గిరో."

"నాకు చెట్లు కొట్టేవాళ్లు కావాలా ఫాదర్? కాయలు కావాలి. శాపం ఉండాలి, కాయలు కూడా బయటికి రావాలి. ఎలాగో మీరే చెప్పండి."

"అది నాకూ అంతుబట్టడం లేదు."

"కాయ తోపు దాటకూడదు, అంతేగా. తోపే కాయతో పాటు వెళ్తే?"

"తోపు నడుస్తుందా గ్లికేరియమ్మా?"

"తోపు నడవదు. పటం నడుస్తుంది. పండగనాడు దిమిత్రి పటం పట్టుకుని ఎంత మేర చుట్టి వస్తే అంత మేర దిమిత్రిదే. గని మెట్టు చుట్టూ తిరిగి రండి. ఇక అక్కడ కాయ వేస్తే ఆయన సొమ్ము ఆయన పెరట్లోనే ఉన్నట్టు. ఎవరు దాటించారు, ఎక్కడికి దాటించారు?"

"ఇలా ఇదివరకు చేశారా?"

"ఎందుకు చెయ్యలేదు? మా తాత రోజుల్లో వాగు దారి మార్చుకుంటే సరిహద్దు మళ్లీ ఇలాగే వేశారు."

"ఎవరు వేశారు?"

"అప్పటి ఫాదరు."

"పేరు?"

"గడ్డం ఉండేది."

"గ్లికేరియమ్మా, మాలో గడ్డం లేనివాడెవడు?"

"పెద్ద గడ్డం."

"నవ్వకమ్మా ఆర్గిరో. నాకూ నవ్వొస్తోంది గానీ, ఆలోచన బాగానే ఉంది. సరే, నేను శపించలేను. ఈ నేల పునీతుడిది, ఇక్కడ పచ్చని దాని మీద చెయ్యెత్తినవాడు ఆయనకే జవాబు చెప్పుకోవాలి అని ప్రార్థన చదవగలను. చదివితే మాత్రం ఉత్తుత్తినే చదవను. చదివానంటే చదివినట్టే."

"అదే చదవండి. పాత భాషలో చదవండి."

"పాత భాషలోనే ఉంటుంది. ఎవరికీ ముక్క అర్థం కాదు."

"మరీ మంచిది. మన జనం అర్థం కాని దానికే గట్టిగా ఆమెన్ అంటారు."

"బిషప్ గారికి మాత్రం ఓ మాట..."

"పండగ అయ్యాక రాద్దురు గాని. ఆయనకి మాత్రం పండగ పనులుండవా? హల్వా ఇంకొంచెం పెట్టించండి."

గని కంపెనీ ఆఫీసు. ఆర్గిరో, డైరెక్టరు యోర్దానిస్.

"ఊరేగింపా? గనిలోనా? బ్రహ్మాండంగా ఉంది ఆర్గిరో. ఇలాంటి ఆలోచన నాకెందుకు రాలేదు?"

"అనుమతి ఇస్తారా సార్?"

"ఇవ్వడమేమిటి, నేనూ వస్తాను. పేపరు వాళ్లని పిలుస్తాను. కంపెనీ ఊరిని తీసుకుంది, ఇప్పుడు అడవిని తిరిగిస్తోంది. ఈ మాట రాసుకో, బాగుంది."

"పండగ మర్నాటి నుంచే విత్తేస్తాం. వసంతానికి మొలకలొస్తాయి. అప్పుడు కంచె వెయ్యాలి, లేకపోతే మేకలు..."

"కంచె సంగతి తర్వాత చూద్దాం."

"తర్వాత అంటే?"

"వసంతంలో."

"వసంతంలో మేకలు మన కోసం ఆగవు సార్. కంచె డబ్బు ఇప్పుడే అడగాలి."

"ఆర్గిరో, కూర్చో. ఓ కాఫీ తాగు."

"ఈ ఊళ్లో ఎవరైనా కాఫీ తాగమన్నారంటే నాకు గుండె దడ. ఏమైంది?"

"ఏం కాలేదు. అంటే, కొంచెం అయింది. ఆ మెట్టు... పైవాళ్లు ఎండాకాలంలోనే తేల్చేశారు. వసంతంలో అక్కడ పలకలు వేస్తారు."

"విత్తితే వదిలేస్తామన్నారు మీరు."

"విత్తుకో అన్నాను. వదిలేస్తానన్నానా?"

"అన్నారు. ఈ కుర్చీలోనే కూర్చుని అన్నారు."

"అనే ఉంటాను. ఏడవకు."

"ఏడవడం లేదు. కోపంతో కళ్లు మండుతున్నాయి. ఆ బూడిద దిబ్బ ఉందిగా, ఎండ బాగా పడుతుంది, ఏదీ మొలవదు. అక్కడ వేసుకోవచ్చుగా మీ పలకలు? నేనేమన్నా వద్దన్నానా?"

"అక్కడికి తీగలు లాగాలంటే ఇంకొంచెం ఖర్చు. నేను చెప్పి చూశాను."

"గట్టిగా చెప్పారా?"

"మామూలుగా చెప్పాను."

"అయితే ఊరేగింపు దేనికి?"

"జరగనీ. జనం సంతోషపడతారు. మా అమ్మ కూడా వస్తానంటోంది."

గ్లికేరియా వంటిల్లు. అదే సాయంత్రం.

"నీ కాఫీ చల్లారిపోతోంది ఆర్గిరో."

"నాకొద్దు. ఫాదరుకి ఫోన్ చేసి మానెయ్యమంటాను. చిన్నప్పుడు మన ఊరిని లారీల్లో ఎక్కించినప్పుడు కూడా ఇంత ఏడుపు రాలేదు నాకు. మళ్లీ అక్కడ ఏదో ఒకటి పెరుగుతుందనుకున్నాను. పిచ్చిదాన్ని."

"ఫోన్ కింద పెట్టు."

"ఫోటో కోసం మనం నడవడమెందుకు?"

"ఊరేగింపు జరగాల్సిందే. యోర్దానిస్ వస్తానన్నాడా?"

"వస్తాడు. కొత్త కోటు కూడా కుట్టించుకుంటాడేమో."

"పటం మోసేప్పుడు ముందు వైపు కుడి మూల వాడికివ్వమని ఫాదరుకి చెప్పు. అది గౌరవం."

"ఆ మనిషికి గౌరవమా?"

"ఫోటోలో బాగా పడతాడు. వాళ్లమ్మ సిమేలాని నేనే చెయ్యి పట్టుకుని నడిపిస్తాను, పటం వెనకాలే. వినికిడి తక్కువ, ప్రార్థన దగ్గరగా వినాలి కదా."

"నువ్వేదో చేస్తున్నావు మామ్మా."

"ముసలిదాన్ని, నేనేం చేస్తాను? తాగు."

అక్టోబరు ఇరవై ఆరు, దిమిత్రి పండగ. ఊరేగింపు ముగిసింది. చర్చి ముందు కొత్త ద్రాక్షసారా పీపా తెరిచారు.

"ఏరా యోర్దానిస్, భుజం నొప్పెడుతోందా?"

"పటం మీరు చెప్పినంత తేలికేం కాదు మామ్మగారూ. మెట్టంతా తిరిగాక పడమటి గట్టు కూడా తిప్పారు. అది అనుమతి కాగితంలో లేదు."

"మోకాళ్ల నొప్పితో దారి తప్పాను నాయనా. నేను ముందు నడిస్తే పటం నా వెనకే వచ్చింది. పోసుకో, ఈ ఏడాది సారా బాగుంది."

"చాలా బాగా జరిగింది. ఆ చివర్లో ఫాదరు గారు అంతసేపు చదివారే, అదేమిటి? ఊరంతా దద్దరిల్లేట్టు ఆమెన్ అన్నారు."

"నువ్వూ అన్నావుగా."

"అందరూ అంటుంటే అన్నాను. ఏమిటది?"

"ఫాదరునే అడుగు, అదిగో వస్తున్నాడు. ఫాదర్, యోర్దానిస్ అడుగుతున్నాడు, మీరు చివర్లో చదివింది ఏమిటని."

"అయ్యో, మీకు తెలుసనుకున్నాను డైరెక్టరు గారూ. ముందు మూల పట్టుకున్నవాడే నేలకి సాక్షి అని తెలిసే ఒప్పుకున్నారనుకున్నాను."

"సాక్షినా?"

"ఈ నేల ఇవాళ్టి నుంచి పునీత దిమిత్రిది, ఇక్కడ పచ్చగా ఉన్న దేన్ని నరికినా పెరికినా తొక్కించినా ఆ చెయ్యి ఆయనకి లెక్క చెప్పుకోవాలి, ఆ ఇంట్లో పొయ్యి మంట నిలవకూడదు, రొట్టె పొంగకూడదు. అని చదివాను. మీరు ఆమెన్ అన్నారు."

"నేను... మొత్తం మెట్టుకా?"

"పడమటి గట్టుకి కూడా. గ్లికేరియమ్మ దారి తప్పారు కదా."

"ఫాదర్, వసంతంలో అక్కడ పనుందండీ మాకు. మిషన్లు వస్తాయి."

"రానివ్వండి. నడిపేవాళ్లు ఎవరు?"

"మనవాళ్లే."

"వాళ్లూ ఆమెన్ అన్నవాళ్లే. పిలిచి చూడండి."

"మామ్మగారూ, మా అమ్మకి ఇదంతా వినబడలేదు కదా?"

"సిమేలాకా? అన్నీ విన్నది, అర్థం నేనే చెవిలో చెప్పాను. ఆమెన్ అందరికంటే గట్టిగా అన్నది. 'మావాడు ఎంత మంచి పని చేశాడే గ్లికేరియా' అని నా భుజం మీద ఏడ్చేసింది కూడా. వెళ్లి చెబుతావా, కాదు, ఇది ఫోటో కోసం అని?"

"నన్ను ఇంట్లోకి రానివ్వదు."

"రానివ్వదు."

"ఆర్గిరో ఎక్కడ?"

"ఇక్కడే ఉన్నాను సార్. మాటలన్నీ విన్నాను. నాకూ తెలియదు, ఒట్టు. అయ్యో, చర్చి ముందు ఒట్టు పెట్టేశాను."

"ఆ బూడిద దిబ్బకి తీగలు లాగడానికి ఎంత పొడవు కావాలో సోమవారం లెక్క తీసి నా బల్ల మీద పెట్టు. ఈసారి గట్టిగానే చెబుతాను పైవాళ్లకి."

"శాపం ఉందని చెబుతారా?"

"చెప్పక? మూతి వంకరపోతే ఫోటోలకి పనికి రానని చెబుతాను. ఇంకొంచెం పొయ్యండి మామ్మగారూ. నిండుగా."

గని మెట్టు. మర్నాటి ఉదయం. ఆర్గిరో, గ్లికేరియా, కాయల బుట్ట.

"ఎంత లోతు పెట్టాలి?"

"రెండు వేళ్లు. నిలబెట్టకు మామ్మా, పక్కకి పడుకోబెట్టు. మీద ముళ్ల కొమ్మ వెయ్యి, ఎలకలు తవ్వకుండా."

"ఆ ముళ్లు దేనివి?"

"అడవి బేరివి. పక్కనే అవి కూడా వేస్తున్నాను."

"మా ఇల్లు ఇక్కడే ఉండేదనుకుంటాను. ఈ చోటే. చర్చి గంట ఇటు నుంచే వినిపించేది. ఇంకొంచెం కిందికి ఉంటుంది కదూ?"

"కింద కాదు మామ్మా. గొయ్యి పూర్తిగా పూడ్చలేదు. మీ ఇల్లు పైన ఉండేది. అక్కడ, ఆ కాకి ఎగురుతోంది చూడు, అంత ఎత్తులో."

"గాల్లోనా?"

"గాల్లోనే. మా ఇల్లు దానికింకా పైన."

"అయితే ఈ చెట్టు పెరిగితే మా వంటింటి కిటికీ దాకా వస్తుంది."

"వస్తుంది. మనం చూడం గానీ, వస్తుంది."

"నేను చూడను. నువ్వు చూస్తావు. ఇటు జరుగు, ఇదొక్కటీ నేను పెడతాను. లాజరోస్ పేరు మీద."

"ఏడుస్తున్నావా?"

"ముల్లు గుచ్చుకుంది."

"సరే, ముల్లే. మామ్మా, ఫాదరు ఏమన్నారో తెలుసా? చర్చి గోడకి రాతి పలక పెట్టిస్తారట. పాత శాపం ఏ బిషప్ పెట్టాడో, ఎప్పుడు పెట్టాడో చెక్కిస్తారట. ఇవాళ ఉత్తరం రాస్తున్నారు, పాత పుస్తకాలు వెతకమని."

"వద్దని చెప్పు."

"ఎందుకు? బాగుంటుందిగా."

"రాయి ఖరీదు."

"రాయి మా కంపెనీ ఇస్తుంది. ఎందుకొద్దు?"

"బుట్ట ఇటివ్వు."

"మామ్మా, నా మొహం చూసి చెప్పు. పాత పుస్తకాలు అనగానే ఆ రోజు కూడా హల్వాలో మిరియం గురించి మాట్లాడావు. ఎందుకు?"

"లాజరోస్ ఆ రోజు మధ్యాహ్నమే ఇంటికొచ్చేశాడు. మిషను అక్కడే వదిలేసి వచ్చాడు. 'ఇక నా వల్ల కాదు గ్లికేరియా, ఊరంతా తవ్వాను, ఈ తోపు మాత్రం తవ్వలేను' అని గుమ్మంలో కూలబడి ఏడ్చాడు. నేనేం చెయ్యాలి చెప్పు? మర్నాడు ఎందుకు ఆపావని అడుగుతారు. ఏడుపొచ్చి ఆపానంటే ఉద్యోగం పోతుంది, ఇంకొకడు వచ్చి తవ్వుతాడు."

"మరి ఏం చెప్పమన్నావు?"

"శాపముందని చెప్పమన్నాను. రాత్రికి మిగతా డ్రైవర్ల పెళ్లాలకి కూడా చెప్పాను, మా అమ్మమ్మ చెప్పిందని."

"మామ్మా, నువ్వు కల్పించావా? ఇన్నాళ్లూ మేమంతా... అసలు శాపమే లేదా?"

"నిన్నటి దాకా లేదు."